జపాన్‌లో తెల్లన్నం వెంట

నిషి కసాయ్, బుధవారం

మా మేనల్లుడు ఉండేది టోక్యోకి తూర్పు వైపున్న నిషి కసాయ్‌లో. స్టేషన్ దిగి రోడ్డు దాటేలోపే ఇద్దరు ముగ్గురు తెలుగులో ఫోన్ మాట్లాడుకుంటూ ఎదురయ్యారు. కందిపప్పు, చింతపండు, ఆవకాయ సీసా, అన్నీ దొరికే కొట్టు వాడి అపార్ట్‌మెంట్ నుంచి అయిదు నిమిషాల నడక. "జపాన్ ఎక్కడ ఉందిరా మరి?" అంటే, "రైలెక్కితే వస్తుంది మావయ్యా" అన్నాడు.

వాణ్ని చూడడం ఒక పని. రెండోది నాకున్న పిచ్చి. నేను ఉండేది తార్నాకలో, జాతీయ పోషకాహార సంస్థ గేటు నాకు రోజూ దారిలో తగులుతుంది. ఆ సంస్థ 1918లో కూనూరులో ఒక్క గదిలో మొదలైంది, బెరిబెరి అనే ఒక్క జబ్బు సంగతి తేల్చడానికి. 1958లో హైదరాబాద్ వచ్చింది. బెరిబెరి అంటే ముందు కాళ్లు తిమ్మిరెక్కుతాయి, పిక్కలు పట్టేస్తాయి, వాపు వస్తుంది, నడక తడబడుతుంది. ముదిరితే గుండె ఆగిపోతుంది. తవుడంతా పోయేలా పట్టిన బియ్యమే తిండిగా బతికేవాళ్లకి వచ్చే జబ్బు. మన కోస్తాకి ఇది పరాయిది కాదు. ఉత్తర సర్కారుల సిపాయిల్లో ఈ జబ్బు గురించి మాల్కమ్సన్ అనే డాక్టర్ 1835లోనే మద్రాసులో పుస్తకం వేశాడు. తర్వాత కూడా మన దేశంలో బెరిబెరి బాగా కనిపించింది ఆ జిల్లాల్లోనే. ఉప్పుడు బియ్యం తినే చోట్ల లేదు, మిల్లు పట్టిన పచ్చి బియ్యం తినే మన దగ్గర ఉంది. ఇవన్నీ చదువుకుంటూ పోతే జపాన్ నౌకాదళం కథ తగిలింది, అక్కడ ఆగిపోయాను.

సాయంత్రం మేనల్లుడు వాళ్ల వీధి చివర బియ్యం కొట్టుకి తీసుకెళ్లాడు. డెబ్బై దాటిన పెద్దాయన, నీలం ఏప్రన్. గోనెల్లో దంపుడు బియ్యం రంగులో ఉన్న ముడి బియ్యం. మనం ఎంత పట్టమంటే అంత పడతాడు. పదింట మూడు వంతులు, అయిదు వంతులు, ఏడు వంతులు, పూర్తి తెలుపు అని మరకు నాలుగు గుర్తులు. మేం చూస్తుండగానే ఒకావిడ వచ్చి రెండు కిలోలు పూర్తి తెలుపు పట్టించుకుంది. మర ఆగాక ఆయన అడుగు సొరుగు లాగి, అందులోని తవుడు చిన్న కవర్లో పోసి ఆవిడ చేతిలోనే పెట్టాడు. డబ్బు తీసుకోలేదు. ఊరగాయకట, ముల్లంగి, దోసకాయ తవుట్లో పూడ్చిపెడతారు. బి విటమిన్ అంతా వేరే కవర్లో ఇంటికి వెళ్తోందన్నమాట.

బియ్యం ధర గురించి ఆయన వాపోయాడు. అయిదు కిలోల సంచి సూపర్‌మార్కెట్లోనే నాలుగు వేల యెన్లు దాటింది, రెండేళ్లలో దాదాపు రెట్టింపు. నేను మేనల్లుడి చేత "కక్కే తెలుసా?" అని అడిగించాను. బెరిబెరిని వాళ్లు కక్కే అంటారు. ఆయన ఏమీ అనలేదు. స్టూలు మీద కూర్చుని కాలు వేలాడదీసి, అరచేతి అంచుతో మోకాలి చిప్ప కింద టక్కున కొట్టుకున్నాడు. కాలు ఎగిరింది. నవ్వాడు. చిన్నప్పుడు బళ్లో డాక్టరొచ్చి అందరికీ అలా కొట్టి చూసేవాడట. కాలు ఎగరకపోతే కక్కే.

షిబా, గురువారం

ఒనారిమోన్ స్టేషన్ దగ్గర జికేయ్ వైద్య విశ్వవిద్యాలయం, దాని ఆసుపత్రి. లోపల చూడ్డానికి మనలాంటివాళ్లకి ఏమీ లేదు. చీటీలు పట్టుకున్న రోగులు, వీల్‌చెయిర్లు, ఏ ఆసుపత్రయినా ఒకటే. నేను వచ్చింది దీన్ని మొదలుపెట్టిన మనిషి కోసం. తకాకి కనెహిరో. 1849లో ఇప్పటి మియజాకి దగ్గర పుట్టాడు, నౌకాదళంలో డాక్టరయ్యాడు, 1875 నుంచి 1880 దాకా లండన్‌లో సెయింట్ థామస్ ఆసుపత్రి కాలేజీలో చదివాడు. తిరిగొచ్చేసరికి ఇక్కడ నౌకాదళంలో సగానికి కొంచెం తక్కువ మంది మంచాన పడుతున్నారు. 1882లో 4,769 మంది ఉంటే 1,929 మందికి కక్కే. యుద్ధమొస్తే ఫిరంగి పేల్చే చేయి లేదు.

జర్మనీ చదువు చదువుకున్న పెద్ద డాక్టర్లందరూ దాన్ని సూక్ష్మజీవి పని అన్నారు. ఆ రోజుల్లో ఏ జబ్బుకైనా ఒక క్రిమి దొరుకుతున్న కాలం. తకాకి లెక్క వేరు. లండన్‌లో ఈ జబ్బే కనపడలేదే అన్నది ఆయన్ని తొలిచింది. ఓడల్లో ఎవరికి వస్తోంది అని చూశాడు. అధికార్లకి తక్కువ, మామూలు నావికులకి ఎక్కువ, ఖైదీలకి ఇంకా ఎక్కువ. అందరూ అదే ఓడ, అదే గాలి. తేడా కంచంలో ఉంది. అప్పట్లో నావికులకి తిండి డబ్బు చేతికిచ్చేవాళ్లు. వాళ్లు చవగ్గా అన్నం, కాస్త ఊరగాయతో కానిచ్చి మిగిలింది ఇంటికి పంపుకునేవాళ్లు. ఇంటి కోసం కడుపు మాడ్చుకున్నారని కూడా అనలేం, కడుపు నిండా తెల్లన్నం తిన్నారు. పల్లెలో పండక్కి మాత్రమే దొరికేది ఓడలో మూడు పూటలా దొరికింది.

అక్కడి నుంచి నడిస్తే అయిదు నిమిషాల్లో జోజోజి గుడి. వెనక టోక్యో టవర్, ముందు ఎర్ర ఊలు టోపీలు పెట్టుకున్న చిన్న రాతి బొమ్మల వరస, ఒక్కోదాని పక్కన గాలికి తిరిగే రంగుల చక్రం. పుట్టకముందే పోయిన పిల్లల కోసం పెడతారట. చాలామంది అక్కడ ఫొటోలు తీసుకుని వెళ్లిపోతున్నారు. ఆ వరస చివర ఒక కంచు ద్వారం, దాని మీద డ్రాగన్లు, 500 యెన్ల టికెట్. లోపల ఒకప్పుడు జపాన్‌ని ఏలిన తొకుగావా షోగున్ల సమాధులు. టికెట్ ఇచ్చే పెద్దమనిషి డబ్బు చేతికి తీసుకోడు, చిన్న ట్రేలో పెట్టాలి, చిల్లర కూడా ట్రేలోనే వస్తుంది. నేను రెండుసార్లు చేయి చాచాను, రెండుసార్లూ ట్రేని ముందుకి జరిపాడు, విసుగు లేకుండా.

పద్నాలుగో షోగున్ ఇఎమోచి రాతి సమాధి, పక్కనే ఆయన భార్య, చక్రవర్తి చెల్లెలు కజునోమియాది కంచుది. ఆయన 1866లో ఒసాకా కోటలో ఇరవై ఏళ్లకే పోయాడు. ఆమె 1877లో ముప్ఫై ఒకటో ఏట. ఇద్దరిదీ కక్కేనే. ఇఎమోచికి తీపి పిచ్చి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సమాధులు తవ్వి ఎముకలు పరీక్ష చేస్తే 31 పళ్లలో 30 పుచ్చిపోయి ఉన్నాయట. తెల్లన్నం మీద చక్కెర. పిండిపదార్థం ఎంత తింటే శరీరానికి థయమిన్ (తవుట్లో ఉండే బి విటమిన్) అంత కావాలి, వచ్చేదేమో లేదు. ఊళ్లలో ముతక గింజలు తిని గట్టిగా ఉన్నవాళ్లు 'ఎదో' నగరానికి (ఇప్పటి టోక్యోకి అప్పటి పేరు) వచ్చి పడిపోయేవాళ్లు, సొంతూరికి వెళ్తే కోలుకునేవాళ్లు. అందుకని దాన్ని 'ఎదో రోగం' అనేవాళ్లు. దేశంలో అందరికన్నా బాగా తిన్నామనుకున్న దంపతులు ఇలా పక్కపక్కన పడుకోవడం చూస్తే, ఈ జబ్బు పేదరికానిది కాదు, హోదాది అనిపించింది నాకు.

యొకోసుకా, శుక్రవారం

శుక్రవారమే కావాలని వెళ్లాం. జపాన్ నౌకాదళంలో ఇప్పటికీ శుక్రవారం కర్రీ రోజు. సముద్రం మీద వారాలు కలిసిపోకుండా గుర్తుకి అంటారు. మేనల్లుడు సెలవు పెట్టాడు. రైల్లో మేం మామూలు గొంతుతో మాట్లాడుకుంటుంటే పెట్టెలో మా ఇద్దరి మాటే వినిపిస్తోందని అర్థమయ్యాక ఇద్దరం నోరు మూసుకున్నాం.

యొకోసుకా చువో స్టేషన్ నుంచి మికాసా పార్క్‌కి నడక. ఫోన్ చూపించిన దారి కాదని, సముద్రం ఇటే కదా అని మేనల్లుడు అడ్డదారి పట్టించాడు. దొబుఇతా వీధిలో తేలాం. వీపు మీద పులులు, డ్రాగన్లు ఎంబ్రాయిడరీ చేసిన పట్టు జాకెట్లు, హాంబర్గర్ బోర్డులు, ఇంగ్లీషులో బార్లు. వీధి దాటితే అమెరికా నౌకాదళం గేటు. కాపలా కుర్రాడు మమ్మల్ని చూసి అడక్కుండానే కుడి వైపుకి చేయి చూపించి "మికాసా" అన్నాడు. రోజుకి ఎంతమందికి చెప్తాడో పాపం.

మికాసా, 1905లో త్సుషిమా దగ్గర రష్యా నౌకాదళాన్ని ముంచిన అడ్మిరల్ తోగో ఓడ. ఇంగ్లండ్‌లో బారోలో కట్టారు. ఇప్పుడు నీళ్లలో లేదు, చుట్టూ కాంక్రీటు పోసేశారు. అడ్మిరల్ గదిలో పాలిష్ చేసిన కర్ర, పొడవాటి భోజనాల బల్ల. నావికులు మాత్రం ఫిరంగుల మధ్యే ఉయ్యాలలు కట్టుకుని పడుకునేవాళ్లు. అక్కడ గైడ్‌గా ఉన్న ఒక రిటైరైన నావికుణ్ని మేనల్లుడు పట్టుకున్నాడు. తకాకి పేరెత్తగానే ఆయన నడుం నిటారుగా అయింది. రెండు ఓడల కథ మాకు వేళ్ల మీద చెప్పాడు. ఆ కథ నేను ఎన్నోసార్లు చదివిందే, అయినా ఆ ఇనప నేల మీద నిలబడి వింటే వేరు.

1882 డిసెంబర్‌లో ర్యూజో అనే శిక్షణ ఓడ బయల్దేరింది. న్యూజిలాండ్, చిలీ, పెరూ, హోనొలులూ మీదుగా తిరిగి రావాలి. 376 మంది. దారిలో 169 మందికి కక్కే, 25 మంది చనిపోయారు. హోనొలులూ చేరేసరికి ఓడ నడిపే మనుషులు చాలట్లేదు. అక్కడ మాంసం, కూరగాయలు ఎక్కించుకున్నారు, వచ్చే దారిలో జబ్బు తగ్గుముఖం పట్టింది.

తకాకి దీన్ని పట్టుకున్నాడు. ఇదే దారిలో ఇంకో ఓడని పంపండి, తిండి మాత్రం నేను చెప్పినట్టు, అన్నాడు. మంత్రుల దగ్గరికి తిరిగాడు, మెయిజీ చక్రవర్తికే విన్నవించుకున్నాడు. చక్రవర్తికీ ఈ జబ్బు ఉండేది. 1884 ఫిబ్రవరిలో త్సుకుబా ఓడ 333 మందితో బయల్దేరింది. రొట్టె, మాంసం, డబ్బా పాలు, కూరలు. 287 రోజుల ప్రయాణం. ఆ రోజులన్నీ తకాకికి ఎంత టెన్షన్ అయి ఉంటుందో. ఫలితం తేడా కొడితే పరువే కాదు, పదవీ పోయేది. చావు ఒక్కటీ లేదు. జబ్బు పడింది పదిహేను మందికి అటూ ఇటూ, అందులో ఎక్కువమంది మాంసమో పాలో ముట్టనివాళ్లు. "ముట్టని" అని మేనల్లుడు అనువదించే లోపే గైడ్ ముక్కు మూసుకుని మొహం చిట్లించి చూపించాడు.

నావికులకి రొట్టె సయించలేదు. అందుకని 1885 నుంచి బియ్యంలో బార్లీ కలిపారు. అదీ వాళ్లకి నచ్చలేదు, బార్లీ అంటే బీదవాళ్ల తిండి. కానీ అంకెలు చూడండి: 1883లో 1,236 మందికి జబ్బు, 1884లో 718, 1885లో 41, 1886లో ముగ్గురు.

ఇందులో నాకు బాగా నచ్చేది ఏంటంటే, తకాకి చెప్పిన కారణం తప్పు. ఆహారంలో మాంసకృత్తులు తక్కువై, పిండిపదార్థం ఎక్కువై జబ్బు వస్తోందని ఆయన నమ్మకం. నత్రజనికి, కర్బనానికి నిష్పత్తులు కట్టాడు. అసలు సంగతి తవుట్లో పోతున్న థయమిన్, దానికప్పటికి పేరు కూడా లేదు. కారణం తప్పయినా కంచం సరిగ్గా మార్చాడు. దీని ముందు ఇంగ్లండ్ కథ గుర్తొస్తుంది. నావికుల్ని పట్టే స్కర్వీ జబ్బుకి నిమ్మ, నారింజ పనిచేస్తాయని జేమ్స్ లిండ్ 1747లోనే సాలిస్‌బరీ ఓడ మీద పన్నెండు మంది రోగుల్ని జంటలుగా విడదీసి చూపించాడు. బ్రిటిష్ నౌకాదళం నిమ్మరసం అందరికీ ఇవ్వడానికి 1795 అయింది. ఇక్కడ పట్టింది రెండు మూడేళ్లు.

మధ్యాహ్నం కర్రీ. 1999 నుంచి ఊరు ఊరంతా 'కర్రీ పట్నం' అని ప్రకటించుకుంది, ప్రతి రెండో కొట్టు ముందూ జెండానే. మేం వెళ్లిన చోట కోడి కర్రీ ప్లేటు 1,500 యెన్లు, మన లెక్కలో ఎనిమిది తొమ్మిది వందలు. 1908 నాటి నౌకాదళ వంటల పుస్తకంలో ఉన్న పద్ధతి: పిండిని కొవ్వులో వేయించి, కర్రీ పొడి వేసి, మాంసం, ఉల్లి, క్యారెట్, బంగాళాదుంప. పక్కన చట్నీ పెట్టమని కూడా ఉంది. రుచి? తియ్యగా, చిక్కగా, కారం ఊసు లేని కుర్మా. తిట్టుకోలేం, రెండో చెంచాకి అలవాటవుతుంది.

ప్లేటుతో పాటు సలాడ్, గ్లాసుడు చల్లని పాలు వచ్చాయి. పాలు వద్దని చెప్పించాను. కొట్టు యజమానురాలు, పొట్టిగా, జుట్టు రుమాలుతో కట్టేసుకున్న మనిషి, గ్లాసు వెనక్కి తీసుకోలేదు. గోడ మీద కార్డు చూపించింది. సలాడ్, పాలు లేకపోతే దాన్ని యొకోసుకా నేవీ కర్రీ అనడానికి వీల్లేదట, నియమం. "తాగకపోయినా పర్లేదు, బల్ల మీద ఉండాలి" అందట. తాగాను. ఆవిడ గల్లా దగ్గర నుంచి చూస్తూనే ఉంది.

కర్రీ వల్లే నౌకాదళంలో కక్కే పోయిందని ఊళ్లో బోర్డుల మీద, టీ షర్టుల మీద చెప్తారు. సంవత్సరాలు చూస్తే కుదరదు. జబ్బు 1886కే దాదాపు పోయింది, ఆ వంటల పుస్తకం 1908ది. పని చేసింది బార్లీ, రొట్టె, మాంసం. కానీ బార్లీ కంకి బొమ్మ టీ షర్టు మీద వేస్తే ఎవరు కొంటారు?

అఒయామా, శనివారం

పొద్దున్నుంచీ వాన. అఒయామా శ్మశానంలో తకాకి సమాధి ఉంది. వెడల్పాటి రోడ్లు, చెట్లు, వేల సమాధులు, గొడుగు ఒక్కటి. గంటన్నర తిరిగాం. ఎవరో మంత్రివీ ఎవరో జనరల్‌వీ కనిపించాయి గానీ మాకు కావాల్సింది కాదు. బూట్లలో నీళ్లు చేరాక మేనల్లుడు "మావయ్యా, ఈయన పేరుతో అంటార్కిటికాలో ఒక కొండకొమ్ము ఉందన్నారు కదా, అక్కడికన్నా ఇది దగ్గరే, మళ్లీ వద్దాం" అన్నాడు. ఆ మాట నిజమే. అక్కడ విటమిన్ల మీద పనిచేసినవాళ్ల పేర్లన్నీ వరసగా పెట్టారు, లిండ్ పేరుతో హిమనది కూడా ఉంది. కన్వీనియన్స్ స్టోర్‌లో వేడి కాఫీ డబ్బాలు కొనుక్కుని ఇంటికి వచ్చేశాం.

సెందగి, ఆదివారం

కథలో రెండో మనిషిని చూడకుండా రావడం న్యాయం కాదనిపించింది. మొరి ఒగాయ్. జపాన్ వాళ్లకి గొప్ప రచయిత, సెందగిలో ఆయన ఇంటి స్థలంలోనే ఇప్పుడు స్మారక మ్యూజియం. వృత్తికి మాత్రం సైన్యంలో డాక్టర్. జర్మనీలో చదివాడు. బార్లీ అన్నానికి శాస్త్రీయ ఆధారం లేదన్నవాళ్లలో ఆయన ముందువరసలో ఉన్నాడు. ప్రయోగశాలలో చూస్తే తెల్లన్నమే మేలని తేలింది, ఆయన కొలిచింది శక్తీ మాంసకృత్తులూ కాబట్టి.

సైన్యం రోజుకి ఆరు 'గో' (జపాన్ కొలత) తెల్ల బియ్యం ఇచ్చేది, దాదాపు 900 గ్రాములు. పల్లె కుర్రాళ్లకి అదే పెద్ద ఆశ. దాన్ని తగ్గించి బార్లీ పెట్టడానికి పెద్దలకి మనసొప్పలేదు. జైళ్లలో ఖర్చు తగ్గుతుందని బార్లీ కలిపితే ఖైదీలకి కక్కే తగ్గింది, అదీ కళ్లెదుటే ఉంది. 1904–05 రష్యా యుద్ధంలో సైన్యంలో సుమారు రెండున్నర లక్షల మందికి కక్కే వచ్చింది, 27 వేల మందికి పైగా చనిపోయారు. అదే యుద్ధంలో నౌకాదళంలో జబ్బు నామమాత్రం. యుద్ధం చివర్లో, 1905 మార్చిలో గానీ సైన్యానికి బార్లీ వెళ్లలేదు.

మ్యూజియం లోపల చల్లగా, తీరుగా ఉంది, చేతిరాత కాగితాలు చాలా ఉన్నాయి. చూసుకుంటూ పోతే ఒక్కటే గుర్తొస్తోంది నాకు. 1908లో బెరిబెరి పరిశోధన సంఘం పెట్టి మొదటి అధ్యక్షుడిగా ఆయన్నే వేశారు. అది 1924లో విటమిన్ బి లోపమే కారణమని తేల్చి మూతపడింది. తకాకి 1920లో పోయాడు, మొరి 1922లో. జావాలో ఐక్‌మన్ అనే డచ్ డాక్టర్ తెల్లన్నం తిన్న కోళ్ల కాళ్లు పడిపోవడం చూసింది 1890ల్లోనే. దానికాయనకి నోబెల్ వచ్చింది 1929లో.

"అయితే మొరి మూర్ఖుడా?" అన్నాడు మేనల్లుడు బయటికొచ్చాక. కాదు. చదువుకున్నవాడు, తన చదువు చెప్పిన ప్రశ్నకి సరైన జవాబే చెప్పాడు. ఓడల్లో ఎంతమంది పడ్డారు, ఎంతమంది లేచారు అన్న లెక్క మాత్రం ఆయనకి రుజువుగా కనపడలేదు. నాకు కోపం వచ్చేది అక్కడే.

మధ్యాహ్నం రెండు దాటింది. దగ్గర్లో చిన్న హోటల్, కౌంటర్ ముందు ఎనిమిది స్టూళ్లు. కాల్చిన చేప, తురిమిన జిగట దుంప, బార్లీ కలిపిన అన్నం, 1,200 యెన్లు. దుంప తురుము అన్నం మీద పోసుకుని, గిన్నె నోటి దగ్గర పెట్టుకుని జుర్రుకోవాలి. చప్పుడైతే తప్పు లేదు. బార్లీ గింజ మధ్యలో గోధుమరంగు గీత, పంటి కింద కాస్త సాగుతుంది, మా అమ్మమ్మ దంపుడు బియ్యంలా నమలాల్సిందే. పక్కన కూర్చున్న సూటు మనిషి మా కళ్ల ముందే మూడోసారి గిన్నె చాచాడు. బార్లీ అన్నం ఎంత కావాలంటే అంత, మళ్లీ డబ్బు అడగరు. తెల్లన్నం కావాలంటే మాత్రం రెండో గిన్నెకి 100 యెన్లు.